కన్ను లేని చిలక

మా అన్న అంబాదాస్ ఫోన్ చేస్తే నాకు ముందు అనుమానం వస్తుంది, సంతోషం ఆ తర్వాతే. ఇద్దరం సోలాపూర్‌లోనే ఉంటాం. ఆయన పాత బస్తీలో, జోడ్‌భావి పేట్‌లో. నేను ఊరి అవతల విడీ ఘర్కుల్‌లో, బీడీలు చుట్టినందుకు మా అవ్వ పేరు మీద, అంటే అమ్మ పేరు మీద, వచ్చిన రెండు గదుల ఇంట్లో. పెళ్ళికో చావుకో కలుస్తాం, పక్కపక్కన కూర్చుని భోంచేస్తాం, ఎవరి రిక్షా వాళ్ళు ఎక్కి వెళ్ళిపోతాం. మధ్యలో ఫోన్ మోగిందంటే ఏదో ఉండి తీరుతుంది. మొన్న మోగినప్పుడు కూడా గ్యాస్ కట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుని మరీ ఎత్తాను.

"సరూ, మంచిగున్నవా? మా నిఖితకు ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్నది. కొంకణ్‌ల, సముద్రం ఒడ్డుకు. తెల్లారకముందు పోయి మల్ల రాత్రికి వచ్చుడే. గాడీ మాట్లాడిన. నువ్వు వస్తవా?"

"నీ మనుమరాలి ఆటకు నేనెందుకన్నా?"

"ఊరికెనే. వస్తే రా."

ఊరికే అన్న మాట మా ఇంట్లో ఎవరూ నమ్మరు. ఏ ఊరని అడిగాను. ఆయన పేరు చెప్పాడు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరైనా వెళ్ళి విచారిస్తారేమోనని నా భయం. సముద్రం పక్కన చిన్న రేవు ఊరు అనుకోండి, చాలు. యాభై ఏళ్ళ కిందట ఆ ఊరికి ఒక్క పగటి కోసం వెళ్ళాం, ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికే. వెళ్ళేటప్పుడు ముగ్గురం. తిరిగి ఇంటి గడప తొక్కింది ఇద్దరం.

అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో అది భూతం కాదు, ఇంటి మనిషి. అందరితో పాటు పొద్దున్నే లేచి చాయ్ తాగేది. మేం బాపు అని పిలిచే మా నాన్న, పాలవాడు పోసిన పాలు ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసుకుని, అది జారే తీరు చూసి గాని గిన్నె లోపలికి పంపేవాడు కాదు. తాళం వేసి మూడుసార్లు లాగేవాడు, వీధి చివరిదాకా వెళ్ళి నాలుగోసారి లాగడానికి వెనక్కి వచ్చేవాడు. మార్కండేయ స్వామి గుడికి పోతే ఒక చెప్పు తూర్పు మెట్ల దగ్గర, ఇంకొకటి పడమటి మెట్ల దగ్గర విడిచేవాడు. ఒక్క చెప్పును ఏ దొంగా ఎత్తుకుపోడని ఆయన లెక్క. ఎవరైనా "టైమ్ ఎంతయింది మామా?" అంటే చేతి గడియారం మీద అరచెయ్యి మూసి "ఎందుకు?" అని అడిగేవాడు. ఆ గుణం నాకూ వచ్చింది. ముప్పై ఏళ్ళు తెలుగు బడిలో పాఠాలు చెప్పినా, తల నొప్పి అన్న పిల్లను ఒక్కసారి కూడా మొదటి మాటకు ఇంటికి పంపలేదు.

అప్పట్లో అశోక్ చౌక్ వెనక సందులో మా ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గాలు, వెనక గదిలో మిగతా సంసారమంతా. ఆ ఇంట్లో రెండు వాసనలు ఎప్పుడూ కొట్లాడుకుంటూ ఉండేవి. ముందు గది నుంచి గంజి పట్టిన నూలు వాసన, వెనక గది నుంచి అవ్వ ఒళ్ళోని చాటలో తునికాకు, పొగాకు వాసన. మధ్యాహ్నం అవ్వ జొన్న రొట్టెలు కాల్చి, పల్లీల కారం వేసి పెట్టినప్పుడు మాత్రమే ఆ రెండూ వెనక్కి తగ్గేవి. మగ్గం చప్పుడు ఆగిందంటే అవ్వ బీడీ చుట్టడం ఆపి తలెత్తేది. చప్పుడు ఆగడమంటే దారం తెగిందన్నా అనుకోవాలి, వీధిలో ఎవరో కొత్త మనిషి కనబడి బాపు కిటికీ రెక్క ఓరగా తెరిచి చూస్తున్నాడన్నా అనుకోవాలి. రెండోదే ఎక్కువ.

ఆయన అనుమానానికి ఒక కారణం కూడా ఉంది, లేదనను. బాపు చద్దర్లకు, అంటే నేత దుప్పట్లకు, పూల నక్షాలు, పిట్టల నక్షాలు తానే గీసేవాడు. సోలాపూర్‌లో మంచి నక్షా ఒకటి బజారులోకి వచ్చిందంటే పది రోజుల్లో అలాంటివే నాలుగు పక్క దుకాణాల్లో వేలాడేవి. ఎవరిని అడిగినా దేవుడు తమకే చూపించాడనేవారు. రెండుసార్లు అలా మోసపోయాక బాపు ఒక ఉపాయం చేశాడు. నక్షాను గళ్ళ కాగితం మీద గీసి, ఏ గడికి ఏ రంగో నా చేత నింపించేవాడు. దాన్ని చూసి అట్టల మీద బెజ్జాలు కొడతారు, ఆ అట్టల ప్రకారం మగ్గం నేస్తుంది. చిలకల చద్దరు గీసినప్పుడు, మూల నుంచి మూడో చిలక కన్ను గడి దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "గా గడి వదిలెయ్ బిడ్డా. ఎవడన్న మన అట్టలు చూసి నకల్ కొడితే గా చిలక గుడ్డిదే పుడతది. అప్పుడు దొరుకుతడు బేటా." ఈ సంగతి అవ్వకు తెలియదు, అన్నకు తెలియదు. లోకంలో ఇద్దరికే తెలుసు. నాకు పద్నాలుగేళ్ళు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ఇంకో ఆచారం చెప్పాలి. కొత్త నక్షాతో మగ్గం నుంచి దిగిన మొదటి చద్దరు బాపు అమ్మేవాడు కాదు. మూలకు పసుపు అద్ది, స్వామి పటం ముందు ఒక పూట ఉంచి, రేకు పెట్టెలో దాచేవాడు. అవి నా పెళ్ళికి. ఆ పెట్టె తాళం చెవి అవ్వకు ఇవ్వలేదు, అన్నకు ఇవ్వలేదు. నల్ల దారానికి కట్టి నా మెడలో వేశాడు. ఇంట్లో బాపు అనుమానించని మనిషిని నేనొక్కదాన్నే. ఆ చిలకల చద్దరు మొదటిది నేసి పెట్టెలో పెట్టాం. మిగతావి దీపావళి బజారుకని ఇంకా మగ్గం మీదే ఉన్నాయి. అంటే అప్పటికి ఈ భూమి మీద ఆ చద్దరు ఒక్కటే.

మా అన్నకు అప్పుడు ఇరవై. పగలు బాపు పక్క మగ్గం మీద నేసేవాడు, పొద్దునా సాయంత్రం మిల్లు వెనక మైదానంలో బంతి ఆడేవాడు. గోల్‌కీపరు. మోకాళ్ళు దోక్కుపోయి, మోచేతులు మట్టి కొట్టుకుని వచ్చేవాడు. "నేతగాని చేతులురా అవి, తలుపు చెక్కలు కావు," అని బాపు తిట్టేవాడు. కానీ ఆయన అసలు బాధ చేతుల గురించి కాదు. ఆ జట్టును నడిపే గణపత్‌రావ్ చద్దర్ల ఏజెంటు. కొంకణ్ ఊళ్ళన్నీ తిరిగి సోలాపూర్ చద్దర్లు అమ్ముతాడు. బెజ్జాలు కొట్టిన అట్టలను దుకాణం నుంచి ఇంటికి మోసుకొచ్చేది మా అన్న. ఈ రెండు దారాలనూ బాపు తన మనసులో ఎప్పుడో ముడి వేసేశాడు.

ఒకరోజు అవ్వ నీళ్ళకు పోయినప్పుడు అన్న నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. కొంకణ్‌లో మ్యాచ్ ఉందట. బెస్తవాళ్ళ జట్టుతో. పెద్ద మ్యాచేమీ కాదు, పేపర్లో రాదు, కప్పు లేదు. కానీ ఆడటానికి పోయినవాళ్ళు అక్కడి కెప్టెన్‌కు ఒక సోలాపూర్ చద్దరు కప్పి సత్కారం చెయ్యడం ఆనవాయితీ.

"మా టీమ్ దగ్గర ఏం లేదు సరూ. ఉత్త చేతులతోని పోతే ఇజ్జత్ పోతది. నీ పెట్టెల నుంచి ఒకటియ్యి. దీపావళికి నేను నేసి మల్ల పెడ్త."

"నన్ను సముద్రం చూడనీకి తీస్కపోతవా?"

"బాపు పంపుతడా?"

"అడుగు."

అదీ మా బేరం. పెట్టెలో అన్నిటికన్నా పైన ఉన్నది చిలకల చద్దరు. దాన్నే తీసి కాగితంలో చుట్టి ఇచ్చాను. కన్ను లేని చిలక నాకు గుర్తు రాలేదని కాదు. వచ్చింది. కానీ ఆ ఉచ్చు నకలు కొట్టేవాళ్ళకు కదా, ఇది మన అసలు చద్దరే కదా అనుకున్నాను. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు బాపు నా మెడలో తాళం చెవి వేశాడని ఆ క్షణంలో నాకు తోచలేదు.

అన్న అడిగితే బాపు ఒప్పుకోడని ఇద్దరం అనుకున్నాం. బాపు నేత ఆపి అన్న మొహం చాలాసేపు చూశాడు. "బంతి ఆడనీకి సముద్రం దాక పోతరా? మన ఊర్ల మైదాన్లు లేవా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "సరే. పిల్లను తీస్కపోదాం. నేను గూడ వస్త," అన్నాడు. ఆయన జీవితంలో ఒక్క మ్యాచ్ చూసిన మనిషి కాదు. అన్న మొహం వాడిపోయింది, నా మొహమూ వాడిపోయి ఉంటుంది. అవ్వ మాత్రం ముగ్గురినీ మార్చి మార్చి చూసి, రొట్టెలు కట్టడానికి లేచింది.

గణపత్‌రావ్ చద్దర్ల బేళ్ళు వేసుకుపోయే లారీలోనే ప్రయాణం. జట్టంతా బేళ్ళ మీద, బాపూ నేనూ డ్రైవరు పక్కన. సాయంత్రం ఎక్కితే ఘాట్ రోడ్డు దిగి పొద్దుటికి ఆ ఊరు చేరాం. లారీ దిగగానే బాపు చేసిన మొదటి పని, బేళ్ళ మీద రాసిన పేర్లు ఒక్కొక్కటే చదవడం. నేను చేసిన మొదటి పని సముద్రం చూడటం. అంత నీళ్ళు ఒక్కచోట ఉండటం నాకు నమ్మబుద్ధి కాలేదు. మా సందులో నల్లా రెండు రోజులకోసారి వచ్చేది. చేపల వాసనకు ముక్కు మూసుకున్నా కళ్ళు తిప్పుకోలేకపోయాను. "దగ్గరికి పోకు. నీళ్ళను నమ్మొద్దు," అన్నాడు బాపు.

మైదానమంటే ఒక పక్క కొబ్బరి చెట్లు, ఒక పక్క వలలు ఆరేసిన ఇసుక. గోల్ కర్రలు పాత పడవ తెడ్లలా ఉన్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు రెండు మూడు వందల మంది, వాళ్ళలో సగం బుట్టలు పక్కన పెట్టుకున్న ఆడవాళ్ళు. మేకలు మధ్యలోకి వస్తే ఆట ఆపి తోలేవారు. ఆ రోజు మా అన్న ఎలా ఆడాడో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఇంట్లో తల వంచుకుని నేసే మనిషి అక్కడ గొంతెత్తి అందరినీ పేరు పెట్టి అరిచి నిలబెట్టాడు. ఒకసారి గాల్లో అడ్డంగా ఎగిరి, పోయిందనుకున్న బంతిని వేళ్ళ చివర్లతో బయటికి తోశాడు. బుట్టల ఆడవాళ్ళు లేచి నిలబడి ఈల వేశారు. ఎదుటి జట్టు కెప్టెన్ పాండూ అనే బెస్తాయన, తాను కొట్టిన బంతిని ఆపినందుకు తిట్టాల్సింది పోయి దగ్గరికి వచ్చి అన్న వీపు తట్టాడు. ఒక్క గోల్ ఇవ్వలేదు మా అన్న. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు.

బాపు ఇదేదీ చూడలేదు. మ్యాచ్ అంతసేపూ మైదానానికి వీపు పెట్టి కూర్చుని గణపత్‌రావ్‌ను చూశాడు. అతను ఎవరితో నవ్వాడు, ఎవరి చెవిలో చెప్పాడు, సంచిలో ఏముంది, అదే ఆయన చూసిన ఆట. జనం ఈల వేసినప్పుడు "ఏమైంది?" అని నన్ను అడిగాడు. "అన్న ఆపిండు బాపు," అంటే "ఊ" అన్నాడు.

ఆట అవ్వగానే బాపును సముద్రం వైపు తీసుకుపోవడం నా పని. అన్నా నేనూ అలా అనుకున్నాం. చెయ్యి పట్టి లాగాను. "బాపూ, కాళ్ళు తడుపుకుందాం, పోదాం రా." సరిగ్గా అప్పుడే గణపత్‌రావ్ సంచిలోంచి కాగితం పొట్లం తీశాడు. బాపు కదల్లేదు. "నన్ను ఈడికెల్లి ఎందుకు తీస్కపోతున్నవ్? ఎవరు చెప్పిన్రు నీకు?" అని నా వైపు చూశాడు. వెంటనే ఆయన చూపు అన్న వైపు మళ్ళింది. నా మీద అనుమానం పెట్టుకోవడం ఆయనకు చేతకాలేదు.

చద్దరు విప్పి పాండూ భుజాల మీద కప్పారు. కొబ్బరికాయ చేతిలో పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. బాపు నాలుగు అడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. పాండూ వీపు మీద చిలకలు వరసగా ఉన్నాయి. మూల నుంచి మూడోది గుడ్డిది.

"ఎవనికి అమ్మినవ్ రా?" అని అరిచాడు. అన్న కాలరు పట్టుకున్నాడు. "నా నక్షా ఎవనికి అమ్మినవ్? గీ గణపత్‌కా? అట్టలు ఏడ దాచినవ్?"

అన్నకు ముందు అర్థం కాలేదు. పెట్టెలోంచి తీసినందుకే ఇంత కోపమనుకున్నాడు. నోరు తెరిచాడు, నా వైపు చూశాడు. నేను మెడలోని నల్ల దారాన్ని పిడికిట్లో పట్టుకుని ఉన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. అన్న నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత బాపు ఎన్ని అడిగినా ఒక్క మాట మాట్లాడలేదు. గణపత్‌రావ్ "అహో మామా, ఐకా తరీ," అని, కాస్త వినమంటూ మధ్యలోకి వస్తే బాపు అతన్ని ఒక్క తోపు తోశాడు. పాండూ పాపం, ఏం జరిగిందో తెలియక చద్దరు మడిచి రెండు చేతులతో బాపుకు ఇవ్వబోయాడు.

"దొంగ బట్ట. నేను ముట్ట," అన్నాడు బాపు.

ఇక్కడే ఉంది మా వాళ్ళు తప్ప ఎవరూ చెయ్యని తప్పు. బాపు కళ్ళు మూసుకుని బట్టను రెండు వేళ్ళ మధ్య పట్టి, ఇది ఫలానా సందులో ఫలానావాడు నేసింది అని చెప్పగలడు. "చేత పట్టనిదే బట్ట మీద మాట అనొద్దు," అని ఆయనే మాకు వందసార్లు చెప్పాడు. ఆ రోజు ముట్టుకుని ఉంటే ఆ చద్దరు తన చేతి నేత అని వేళ్ళే చెప్పేవి. కానీ తాను వేసిన ఉచ్చును తానే అంతగా నమ్మాడు. నకలు కొట్టినవాడు దొరికాడని కన్ను లేని చిలక చెప్పింది, ఆయన విన్నాడు. మడతలో చద్దరు మూల నాకు కనబడింది. పసుపు మరక కనబడింది. రెండడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

చెప్పలేదు. చెబితే తాళం చెవి తీసేస్తాడు, దాంతో పాటు బడి కూడా తీసేస్తాడు అనుకున్నాను. అప్పటికే మా సందులో నా ఈడు ఆడపిల్లలందరూ చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేనొక్కదాన్నే హైస్కూలుకు పోతున్నాను, అదీ బాపుకు నా మీద ఉన్న నమ్మకం వల్ల. ఆ నమ్మకాన్ని కాపాడుకోవడానికి అన్నను ఇచ్చేశాను. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గాని, ఇది రాయడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.

తిరుగు ప్రయాణంలో ముగ్గురం లారీలో ఒక్కచోటే కూర్చున్నాం. చాలాసేపటికి బాపు అడిగాడు. "బిడ్డా, పెట్టెల మొదటి చద్దరు మంచిగున్నదా?"

"ఉన్నది బాపు," అన్నాను.

అన్న విన్నాడు. నన్ను చూడలేదు. తెల్లవారి సోలాపూర్‌లో జోడ్‌భావి పేట్ దగ్గర లారీ నెమ్మదించగానే దిగాడు, సంచి భుజాన వేసుకుని సందులోకి నడిచాడు. అక్కడ స్నేహితుడి గదిలో ఉండి తువ్వాళ్ళ కార్ఖానాలో పని చూసుకున్నాడు. బంతి మళ్ళీ ముట్టలేదు. మా ఇంటి నుంచి నడిస్తే పావు గంట దూరం. అవ్వ వారానికోసారి కూర గిన్నె పట్టుకుని వెళ్ళి వచ్చేది. బాపు చూడనట్టు కిటికీ వైపు తిరిగేవాడు.

ఆ ఏడాది దీపావళికి బాపు బజారంతా తిరిగాడు. దుకాణం దుకాణమూ ఎక్కి చద్దర్లు తిప్పి చూశాడు. కన్ను లేని చిలక ఎక్కడా లేదు. మాది తప్ప చిలకే లేదు. నకలు అమ్ముకున్నవాడు బజారులో పెట్టకుండా ఎందుకుంటాడు? ఈ ప్రశ్న ఆయన్ను తొలుస్తున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. నేను పుస్తకంలో తల దూర్చేదాన్ని. మరుసటి ఏడు, వానలు ఆగాక, నేను మెట్రిక్ చదువుతుండగా, ఒకరోజు పండరి పోతున్నానని చెప్పి వెళ్ళాడు. రెండు రోజులకు వచ్చాడు. ప్రసాదం తేలేదు, నుదుట అక్కడ పెట్టే నల్లటి బుక్కా బొట్టు లేదు. పండరి నుంచి ఉత్త చేతులతో ఎవరైనా వస్తారా? బాపుకు ఎక్కడో ఇంకో సంసారం ఉందని అనుమానించాను. అవ్వకు చెప్పాలా వద్దా అని నెల రోజులు మథనపడ్డాను కూడా. చెప్పనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను.

అటు తర్వాత ఆయన కొత్త నక్షా గీశాడు, నెమళ్ళది. రంగులు నింపుతూ అడిగాను. "ఏ గడి వదలాలె బాపు?"

"అన్నీ నింపు బిడ్డా. ఏదీ వదలొద్దు."

ఉచ్చు ఇప్పుడు వేరే చోట పెడుతున్నాడు, నాకు చెప్పడం లేదు, నన్ను కూడా అనుమానిస్తున్నాడు అనుకున్నాను. పెట్టె తాళం చెవి తిరిగి ఇవ్వబోతే, "నీ దగ్గర్నే ఉంచుకో. ఎవరూ తెరిచే పని లేదు," అన్నాడు. అది పరీక్ష అనుకున్నాను. ఆ నెమళ్ళ చద్దరే ఆయన చివరి నక్షా. నేను టీచరు ట్రైనింగులో ఉండగా పోయాడు. అన్న వచ్చి కొడుకు చెయ్యాల్సినవన్నీ చేసి, పదకొండో రోజు మళ్ళీ తన గదికి వెళ్ళిపోయాడు. నా పెళ్ళికి అవ్వ పెట్టె తెరిచి, చిలకల చద్దరు ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి, నా మొహం చూసి, మూత వేసింది. ఆమెకు ఎంత తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు. నెమళ్ళ చద్దరు మాత్రం నాతో వచ్చింది. ఎన్ని ఏళ్ళు దాన్ని పరిచి, నెమలి నెమలినీ, ఈక ఈకనూ లెక్కపెట్టి ఉంటానో. బాపు ఉచ్చు ఎక్కడ దాచాడో కనిపెట్టాలని. కళ్ళజోడు మారింది, ఉచ్చు దొరకలేదు.

మొన్న మళ్ళీ వెళ్ళాం. కారులో, ఒక్క రోజులో. మైదానానికి ఇప్పుడు కంచె, మేకలు లేవు. వలల ఇసుక మీద లాడ్జీలు లేచాయి. ఆడపిల్లల జట్టు, చూసేవాళ్ళు తల్లిదండ్రులు తప్ప ఎవరూ లేరు, అందరి చేతుల్లో ఫోన్లు. ఇప్పుడు నక్షా నకలు కొట్టాలంటే అట్టలు దొంగిలించక్కర్లేదు, ఒక్క ఫొటో చాలు. మా పాత సందులో ప్రతి గడపకూ కెమెరా ఉంది. బాపు ఉంటే ఎంత మురిసిపోయేవాడో. నిఖిత చేతులకు గ్లవ్స్ వేసుకుని, వాళ్ళ తాతలాగే గొంతెత్తి అరిచింది. రెండు గోల్స్ ఇచ్చింది, ఒకటి మాత్రం అడ్డంగా ఎగిరి ఆపింది. మా అన్న కుర్చీలోంచి సగం లేచి, రెండు చేతులూ గాల్లోకి పోయి, ఎవరైనా చూశారేమోనని మళ్ళీ కూర్చున్నాడు. నేను చూశాను. మైదానానికి వీపు పెట్టి కూర్చోకూడదని నేర్చుకున్నాను గదా.

"అమ్మమ్మా, తాత గిట్ల ఆడుతుండెనా?" అని ఆ పిల్ల చెమటలు కక్కుతూ వచ్చి అడిగింది.

"నీకంటే మంచిగ ఆడుతుండె," అన్నాను. అన్న తల వంచుకున్నాడు.

తర్వాత "ఒక ఇంటికి పోయొద్దాం" అన్నాడు. వచ్చింది అసలు పని అనుకున్నాను. చెరువు గట్టు లాంటి సన్నటి దారిలో నడిచి ఒక పెంకుటింటి వరండాకు తీసుకుపోయాడు. అక్కడ కుర్చీలో పాండూ. ఎముకల గూడు, కళ్ళు మాత్రం అవే. కోడలు లోపలినుంచి మడత పెట్టిన బట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. రంగు వెలిసి, ఒకచోట అతుకు పడి, చేతికి వెన్నలా మెత్తగా ఉంది. మూల నుంచి మూడో చిలకను వెతకాల్సిన పని లేకపోయింది.

"అన్నా, గా రోజు నేను..." అన్నాను.

"ఉండు. ముందుగాల ఆయన చెప్పేది విను," అన్నాడు.

పాండూ మరాఠీలో చెప్పింది తెలుగులో రాస్తున్నాను. "మ్యాచ్ అయిన మరుసటి ఏడు మీ నాన్న ఒక్కడే వచ్చాడు. మళ్ళీ గొడవకు వచ్చాడని మావాళ్ళు కర్రలు తీశారు. చద్దరు ఒక్కసారి చూపించమన్నాడు. రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అంతే, ఈ మెట్టు మీద కూలబడ్డాడు. ఇది నా చేతిదే అన్నాడు. అయితే తీసుకుపొమ్మన్నాను. వద్దన్నాడు. ఇంటికి తీసుకుపోతే నాకు తెలిసిందని పిల్లకు తెలుస్తుంది, పిల్ల చదువుకుంటోంది, ఇక్కడే ఉండనీ అన్నాడు."

నేను అన్న వైపు చూశాను. ఆయన సముద్రం వైపు చూస్తున్నాడు.

"అటెన్క నా గదికి వచ్చిండు సరూ. గడప బయట నిలబడి చాయ్ తాగిండు. తప్పయింది అనలే. గా మాట ఆయనకు రాదు. ఇంటికి రా అన్నడు. సరును ఏం అడగకు, మెట్రిక్ ఉన్నది దానికి అన్నడు."

"మరి ఎందుకు రాలేదన్నా?"

"నాక్కూడ కోపం ఉండె. వద్దాం వద్దాం అనుకునే లోపట ఆయన పోయిండు."

"నా మీద?"

"ఉండె. పదేండ్లు ఉండె. అబద్ధమెందుకు?" నవ్వాడు. "పిల్లలు పుట్టినంక యాది పెట్టుకునే టైమ్ దొరకలే."

"నాకు ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగినవా?"

అడగలేదు. అందరినీ అనుమానించాను గాని ఎవరినీ అడగలేదు. లోకంలో నన్ను ఒక్కదాన్ని అనుమానించని మనిషి, నా దొంగతనం వేళ్ళతో పట్టుకుని, దాన్ని నా నుంచే దాచాడు. పాండూ తన రోజులు దగ్గర పడ్డాయని, చద్దరు దాని ఇంటికి చేరాలని కబురు పంపాడట. అన్న "ఊరికెనే" అన్నది దానికోసం. వరండాలో అందరి ముందు ఏడ్చాను. నిఖిత భయపడి నా చెయ్యి పట్టుకుంది.

ఇంటికి వచ్చి చిలకల చద్దరు అల్మారాలో పెట్టాను. నెమళ్ళది బయటికి తీసి మంచం మీద పరిచాను. చేతులు అలవాటు ప్రకారం మొదటి నెమలి దగ్గరికి వెళ్ళాయి. అన్నీ నింపు బిడ్డా అన్నాడు. నిజంగానే అన్నీ నింపించాడు. అందులో ఉచ్చు లేదు, ఎప్పుడూ లేదు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ఆ చద్దరును మొదటిసారి లెక్కపెట్టకుండా కప్పుకున్నాను.